ఇరవై ఒక్క రోజుల టీ

“ఆకు నీడకు మార్చినవా?” అని అడిగాడు ఆయన.

“మార్చిన. నువ్వు ఫికర్ చెయ్యకు,” అన్నాను.

మార్చలేదు. నాలుగు రోజులుగా నేను దవాఖానలోనే ఉన్నాను. ఆ తర్వాత ఆయన నాతో మాట్లాడలేదు.

నా పెనిమిటి పేరు కొమురయ్య. నాకు రాయడం రాదు, నేను చెబుతుంటే చెల్లె కూతురు సుజాత రాస్తోంది. మాది నెక్కొండ దగ్గర పల్లె. తులసి, నిమ్మగడ్డి, మునగాకు ఎండబెట్టి, దంచి, టీ పొడి చేసి వరంగల్‌లో పొద్దున నడకకు వచ్చేవాళ్లకు అమ్మేవాళ్లం. ఏ కొత్త ఆకైనా ముందు ఇరవై ఒక్క రోజులు ఆయన తాగాలి. రోజుకొక బొగ్గు గీత గోడ మీద నేను గీయాలి. గీతలు నిండితేనే పొట్లం కట్టేది.

షుగర్‌కు ఏమైనా ఉందా అని గిరాకీలు అడుగుతున్నారని తిప్పతీగ తెచ్చాడు. కాడ నిండా బుడిపెలు. ఇది మన తిప్పతీగలా లేదే అన్నాను.

“ముదురు తీగ గట్లనే ఉంటది. నువ్వు కాచు, డాక్టరమ్మా,” అని నవ్వాడు.

కాచి ఇచ్చాను.

తొమ్మిదో గీత గీసిన పొద్దున ముఖం కడుక్కుని తువ్వాల కోసం నా వైపు తిరిగాడు. కళ్లు పచ్చగా ఉన్నాయి. అన్నం సయించడం లేదని అంతకు రెండు రోజుల ముందు నుంచే అంటున్నాడు. ఎండదెబ్బ అనుకున్నాను.

వరంగల్ దవాఖానలో లివర్‌కు చేసే ఎల్ఎఫ్‌టీ, స్కానింగ్, హెపటైటిస్ టెస్టులు చేశారు. బిలిరుబిన్ పన్నెండు ఉంది, ఒకటి చుట్టూ ఉండాలన్నారు. నాటుమందు ఏమైనా తాగుతున్నాడా అని డాక్టర్ అడిగితే ఆయన నా చెయ్యి నొక్కాడు. లేదన్నాను. డాక్టర్ పోయాక, “ఈ ముచ్చట బయటపడితె మన పొట్లం ఎవ్వలు ముడ్తరే?” అన్నాడు.

దవాఖానలో టీ లేదు కదా, ఎనిమిది రోజులకు బిలిరుబిన్ ఆరుకు దిగింది. మందుల వల్లే తగ్గిందనుకుని ఇంటికి వచ్చాం. ఇంత అన్నం తినగానే ఆగిపోయిన గీతలు మళ్లీ మొదలుపెట్టమన్నాడు. వద్దన్నాను.

“సగంల ఇడిస్తె మంచిదో చెడ్డదో ఎట్ల తెలుస్తది? జనానికి ఏమని ఇయ్యాలె?”

మళ్లీ నేనే కాచాను. ఐదో రోజుకు వాంతులు. ఈసారి ఒళ్లంతా పచ్చబడింది. ఐఎన్ఆర్ పెరిగింది, రక్తం సరిగా గడ్డకట్టడం లేదు, లివర్ ఫెయిల్ అవుతోంది అని ఐసీయూలో పెట్టారు. అప్పుడు చెప్పాను. సుజాత ఊరికి పోయి పొడి, తీగముక్క తెచ్చింది. డాక్టర్ చేతిలో తిప్పి చూశాడు.

“ఇదే కారణమని గట్టిగా చెప్పలేనమ్మా. కానీ మొదటిసారే చెప్పి ఉంటే మళ్లీ ముట్టనిచ్చేవాణ్ని కాదు.”

తిట్టలేదు. తిడితే బాగుండేది.

ఆకు సంగతి అడిగిన సాయంత్రమే మనుషులను గుర్తుపట్టడం మానేశాడు. అమ్మోనియా మెదడుకు ఎక్కిందన్నారు. మూడో రోజు పోయాడు.

ఏడాది దాటింది. సీజన్‌లో ఎనుమాముల మార్కెట్‌కు మిరపకాయ ఏరడానికి పోతున్నాను. టీ అడిగినవాళ్లకు లేదంటున్నాను. ఆ తీగ పొడి ఇంకెవరి నోట్లోకీ పోలేదు, ఆయన పద్ధతి వల్లే. అది తలచుకున్నప్పుడే ఏడుపు ఆగదు.

చదివేవాళ్లకు ఒక్కటే చెబుతాను. ఆకు, వేరు, పొడి, టీ, ఏది తాగుతున్నా డాక్టర్ అడగకముందే చెప్పండి. సంచిలో వేసుకుపోయి చూపండి. పక్కనున్న మనిషి వద్దన్నా చెప్పండి.

సుజాతా, రెండోసారి కాచి ఇచ్చింది గూడ నేనే అని రాసినవా? పెద్దమ్మ బాధపడుతదని ఇడిసిపెట్టినవేమో. మొదటి నుంచి సదువు బిడ్డా, నేను వింట.