హారన్ లేని బండి

మా ఫైరింజనుకు హారన్ లేదు. ఒకప్పుడు ఉండేది. ఒక వేసవిలో గొంతు బొంగురుపోయి, కొన్నాళ్లు దగ్గి, ఆపైన ఊరుకుంది. కొత్తది కావాలని పైకి రాసి పంపాం. సైరన్ ఉంది కదా అని జవాబొచ్చింది. ఆ మాట నిజమే. కానీ రోడ్డుకు అడ్డంగా పడుకున్న బర్రెను లేపడానికీ, టీ అంగడి ముందు ఆపిన ఆటోను జరపడానికీ సైరన్ కొట్టుకుంటూ పోవడం డిగ్రీ చదివినవాడికి కొంచెం సిగ్గుగా ఉంటుంది. బర్రెకు మాత్రం ఆ ఇబ్బంది లేదు. అది సైరన్ విన్నా లేచేది కాదు.

నేను ఆ స్టేషన్లో లీడింగ్ ఫైర్‌మన్‌ని. మంటల దగ్గర ముందుండేవాడని ఆ మాటకు అర్థం. ఆచరణలో డ్రైవర్ పక్కన ముందు సీట్లో కూర్చునేవాణ్ణి. డ్రైవర్ నాకన్నా పెద్దవాడు, నేను అన్నా అని పిలిచేవాణ్ణి. మా మండలంలో కాలడానికి పెద్దగా ఏమీ లేదు. శెనక్కాయ కట్టె వాములు, గుట్ట మీద ఎండిన గడ్డి, అంతే. అందుకని వేసవిలో మా బండికి ఇంకో పని ఉండేది. గుట్ట కింద కాలనీలో బోరు ఎండిపోయింది. దినం మార్చి దినం మేం అక్కడికి నీళ్లు తోలేవాళ్లం. అలా తోలమని ఏ రూలూ చెప్పలేదు. తోలొద్దని కూడా అప్పటికి ఎవరికీ తోచలేదు.

బండి వచ్చిందని కాలనీకి తెలియాలంటే మా దగ్గర ఉన్నది సైరనే. డ్రైవరన్న దాన్ని ఒకసారి కూయించేవాడు. ఆడవాళ్లు బిందెలతో పరుగెత్తుకొచ్చేవారు. వాళ్ల వెనక కుక్కలు, ఇంకొన్నాళ్లకు గొర్రెలు కూడా రావడం నేర్చుకున్నాయి. ఊళ్లో ఎవరిల్లు కాలుతోందోనని గుండెలు బాదుకోవాల్సిన చప్పుడుకు ఆ కాలనీలో నవ్వు ముఖాలు కనిపించేవి. మా శాఖలో ఇంతటి ప్రజాదరణ నేను ఇంకెక్కడా చూడలేదు.

అప్పుడే సరిహద్దులో గొడవ ముదిరింది. ఆ సరిహద్దు మాకు చాలా దూరం. కానీ సైన్యం ఒక చోట కాదు, దేశమంతా సర్దుకుంటోందట. ఆ సర్దుబాటులో భాగంగా కొందరు మా గుట్ట కింది బీడు భూమిలోకి వచ్చారు. లారీలు, గుడారాలు, డీజిల్ పీపాలు దిగాయి. బీడు చుట్టూ ముళ్ల కంచె వేశారు. కాలనీ గొర్రెలు నీళ్లు తాగే కుంట ఒకటి ఉండేది. అది కంచెకు అవతలి పక్క పడింది.

తహసీల్దారు మమ్మల్నందరినీ పిలిచి మీటింగు పెట్టాడు. యుద్ధం వస్తే మండలం ఎలా సిద్ధంగా ఉండాలో చెప్పి, తలా ఒక పని అప్పగించాడు. ఆసుపత్రిలో మంచాలు ఖాళీగా ఉంచాలి. డాక్టరు రాకపోవడంతో అవి ముందునుంచే ఖాళీగా ఉండేవి. రాత్రిపూట కరెంటు తీసి చీకటి చేయడం సాధన చేయాలి. కరెంటోళ్లకు అందులో ఎవరూ నేర్పాల్సింది లేదు. కొత్త మనుషుల మీద పోలీసులు కన్నేయాలి. ఎస్సై మరుసటి రోజే ఒక దుప్పట్లమ్మేవాణ్ణి పట్టుకొచ్చి కూర్చోబెట్టాడు. ఆ మనిషి ఏళ్ల తరబడి మా ఊరికి వస్తున్నాడు. కొత్తగా వచ్చింది ఎస్సైనే.

మాకు చెప్పిన పని తేలిక. డీజిల్ పీపాలున్నాయి కాబట్టి ట్యాంకు నింపుకుని శిబిరం గేటు దగ్గర నిలబడాలి. చుక్క తగ్గకూడదు.

"మరి కాలనీకి నీళ్లు, సార్?" అన్నాను.

"నువ్వు ట్యాంకరోనివా ఏమప్పా?" అన్నాడు ఎస్సై. "ఉద్యోగం యాడ చేస్తాండావో తెలిసి మాట్లాడు."

కాలనీ సంగతి పంచాయతీ చూసుకుంటుందని తహసీల్దారు చెప్పాడు. పంచాయతీ చూసింది. నేను బదిలీ అయి వచ్చేదాకా చూస్తూనే ఉంది.

ఆ విధంగా మేం నిండు ట్యాంకుతో గేటు దగ్గర నిలబడ్డాం. మా ఎదురుగా కాలనీ. కాలనీలో గొర్రెలు పెట్టుకుని బతికే ఒకామె ఉండేది. ఆమెకు వేరే ఆధారం లేదు. అప్పుడు ఈతల కాలం, పిల్లలు పాలమీద ఉన్నాయి. ఆమె రోజూ మందను కంచెదాకా తోలుకొచ్చేది. సెంట్రీ తిప్పి పంపేవాడు. వెనక్కు పోతూ మా బండి దగ్గర ఆగేది.

"ఏమప్పా, యాడన్నా కాలుతాండాదా?"

"లేదక్కా."

"కాలుతాదని ఎవరన్నా చెప్పినారా?"

"ఆర్డరుంది."

"ఆర్డరు గొర్రెలు తాగవు గదప్పా. తల్లులకు పాలు ఇంకిపోయినాయి. పిల్లలు సస్తే నువ్వు తెచ్చిస్తావా?"

డ్రైవరన్న కిటికీలోంచి తల బయటపెట్టాడు. "మా చేతిలో యేముండాది చెప్పక్కా?"

"పైపుండాది."

డ్రైవరన్న తల లోపలికి తీసుకున్నాడు. ఆ తర్వాత ఆమె మాతో మాట్లాడటం మానేసి, మేం వినేటట్టు గొర్రెలతో మాట్లాడేది. అందులో మా పుట్టుపూర్వోత్తరాలు కూడా వచ్చేవి. ఎక్కువభాగం ఇక్కడ రాయదగ్గవి కావు.

కొన్నాళ్లకు డ్రిల్లు పెట్టారు. విమానాలొచ్చి బాంబులేస్తే జనం ఏం చేయాలో చేసి చూపించాలి. శిబిరానికి దగ్గరగా ఉందని కాలనీనే ఎంచుకున్నారు. రెండు రోజులు ఆటోకు మైకు కట్టి తిప్పారు. సైరన్ మోగగానే దీపాలార్పేయండి, ఎవరూ బయటికి రాకండి అని ఆటో అరిచింది. మోగించడానికి మండలం మొత్తానికీ ఉన్నది మా సైరన్ ఒక్కటే. ప్రమాదానికి ఎక్కుతూ దిగుతూ కూయాలట, ప్రమాదం తప్పిపోయాక సాఫీగా కూయాలట. మాది ఒకటే రాగం తెలిసిన సైరన్. డ్రైవరన్న స్విచ్ వేస్తూ తీస్తూ, సినిమాలో ఏడుపులాంటిది ఏదో సాధించాడు.

ఆ సాయంత్రం చీకటి పడేవేళకు తహసీల్దారు, ఎస్సై, శిబిరం నుంచి వచ్చిన ఒక ఆఫీసరు కాలనీ మొదట్లో నిలబడ్డారు. బాంబు పడిందనుకోవడానికి శెనక్కాయ కట్టె కొంచెం కుప్ప వేయించారు. దానికి నిప్పు పెడితే మేం ఆర్పాలి. కరెంటు అనుకున్న క్షణానికి పోయింది. డ్రైవరన్న స్విచ్ మీద చెయ్యి వేశాడు. సైరన్ ఎక్కుతూ దిగుతూ కూసింది.

ఒక తలుపు తెరుచుకుంది. ఆ వెంటనే అన్నీ తెరుచుకున్నాయి. మసక వెలుతురులో బిందెలు, బక్కెట్లు పట్టుకుని ఆడవాళ్లు పరుగున వచ్చి, ఎవరూ చెప్పకుండానే మా బండి వెనక వరసగా నిలబడ్డారు. వాళ్ల కాళ్ల మధ్య నుంచి గొర్రెలు వచ్చాయి.

ఎస్సై నోరు తెరిచేలోగా ముందున్న ముసలామె చెప్పింది. "మైకు ఇన్న్యాములే సామీ. ఒగేళ నీళ్లేమో అని వచ్చినాము. బాంబు ఇంట్లోకి గూడా వస్తాది. నీళ్లు రావు గదా."

వీళ్లంతా ఎవరని ఆఫీసరు హిందీలో అడిగాడు. తహసీల్దారు రెప్ప వేయలేదు. మంటలార్పడానికి మేం తయారుచేసిన మహిళా దళం సార్ అన్నాడు. ఆయన తెలివిని నేను అప్పటిదాకా తక్కువగా అంచనా వేశాను. ఆఫీసరు చాలా సంతోషించి, ఏదీ చూద్దాం అన్నాడు.

కానిస్టేబుల్ కట్టెకు నిప్పు పెట్టాడు. తహసీల్దారు నా చెవి దగ్గర "పైపు వదులు" అన్నాడు. అన్నాళ్లూ నేరమైన పని ఆ నిమిషం నుంచి డ్యూటీ అయింది. వదిలాను. బిందెలు నిండాయి. నిండిన బిందె నడుముకెత్తుకుని ముందున్నవాళ్లు ఇంటిదారి పట్టారు.

ఎస్సై లాఠీ అడ్డం పెట్టాడు. "యాడికి పోతాండారు? మంటమీద పొయ్యండి."

కొందరు పోశారు. పోయనివాళ్ల బిందెలు కానిస్టేబుళ్లు లాక్కుని పోశారు. చూస్తే నిజంగానే దళంలాగా ఉంది. చివరికి గొర్రెలామె ఒక్కతే బిందెను రెండు చేతులా పట్టుకుని నిలబడింది. పిల్లలు ఆమె చీర అంచును నాకుతున్నాయి.

"పొయ్యి" అన్నాడు ఎస్సై.

"ఇవి గొర్రెలకు."

"దొర చూస్తాండాడు. పరువు తీయాకు."

"నీ పరువు నీళ్లు తాగదు లే సామీ. ఇవి తాగుతాయి."

ఎస్సై బిందె గుంజుకున్నాడు. గుంజుకోవడంలో కొంత ఆమె మీదే పడింది. మిగతాది తీసుకుపోయి కుప్ప మీద కుమ్మరించాడు. మంట అప్పటికే ఆరిపోయింది. బూడిద మీద పోశాడు.

ఆఫీసరు చప్పట్లు కొట్టాడు. జనం ఇంత ముందుకు రావడం తాను ఎక్కడా చూడలేదని, వచ్చే వారం మళ్లీ ఒకసారి ఇదే దళంతో చేద్దామని తహసీల్దారు చెయ్యి పట్టుకుని ఊపి వెళ్లిపోయాడు. ఎస్సై ఆడవాళ్ల వైపు తిరిగాడు.

"ఇన్నారు గదా. మళ్లా సైరన్ కొడతాము. ఇట్లనే బిందెలెత్తుకొని రావల్ల."

వాళ్లు ఖాళీ బిందెలతో ఇళ్లకు మళ్లారు. ట్యాంకులో మిగిలిన నీళ్లలో చుక్క కారినా పూచీ నీదేనని ఎస్సై నాతో చెప్పి, ఒక కానిస్టేబుల్‌ను మా బండెక్కించాడు. తగ్గినంతా నింపుకుని తిరిగి గేటు దగ్గర నిలబడాలి కాబట్టి మేం మా స్టేషన్ బోరు దగ్గరికి బయలుదేరాం.

బయలుదేరామంటే ఇంజను ఆన్ చేశామని. బండి ముందు దారంతా గొర్రెలు. తల్లులూ పిల్లలూ తడిసిన బూడిదలో మూతులు పెట్టి ఆ బురదను నాకుతున్నాయి. డ్రైవరన్న అలవాటుగా సైరన్ వైపు చెయ్యి పోనిచ్చి, వెనక్కు తీసుకున్నాడు. మళ్లీ తలుపులు తెరుచుకుంటే ఏం చెప్పాలో మా ఇద్దరికీ తెలియదు. నేనే కిటికీలోంచి వంగాను.

"అక్కా, గొర్రెల్ని కొంచెం పక్కకు తోలు."

ఆమె ఖాళీ బిందె చంకన పెట్టుకుని వచ్చింది. తడి చీర కాళ్లకు చుట్టుకుంటోంది. గొర్రెల్ని తోలలేదు. కిటికీ కింద నిలబడి నా ముఖంలోకి చూసింది.

"ఈడ ఇంగ సైరన్ కొట్టాకండి. గొర్రెలు గూడా నమ్ముతాండాయి. హారన్ కొనుక్కోండి."