నాలుగో కూత

ఒక మనిషి ఉద్యోగం నలభై మూడు అంకెల మీద నిలబడి ఉండగా, ఆ అంకెలను నేను తుడిచేశాను. కావాలని కాదు, తెలివి ఎక్కువై. ఇన్నేళ్లలో ఈ సంగతి ఇంట్లో కూడా చెప్పలేదు. చెబితే నా భార్య నన్ను ఎలా చూస్తుందోనని భయం.

డెబ్బైల చివరి మాట. పటాన్‌చెరులో బొంబాయి రోడ్డు పక్కన కొత్తగా లేచిన షెడ్లలో ఒక పంపుల ఫ్యాక్టరీ, అందులో ఒక కంప్యూటరు ఉండేవి. ఎక్కడో విదేశంలో వాడి వాడి వదిలేసిన యంత్రాన్ని ఓడలో తెప్పించారు. దాన్ని తయారుచేసిన కంపెనీ కూడా ఇక మా వల్ల కాదని చేతులెత్తేసింది. దాన్ని నడిపించే మూల ప్రోగ్రామును మేం మానిటర్ అనేవాళ్లం. ఇప్పటి పిల్లలు కెర్నల్ అంటారు. ఆ మానిటర్‌కు లెక్కలు ఎక్కించిన అట్ట కార్డులు చదవడం, కాగితం మీద అచ్చు వేయడం తెలుసు. పంపుల పరీక్ష గదిలో కొత్తగా కొన్న యంత్రం మాత్రం కాగితపు రిబ్బను మీద చిల్లులు పొడిచి ఇచ్చేది. ఆ చిల్లులు చదవడం మానిటర్‌కు రాదు. ఆ విద్య దానికి నేర్పడానికి నన్ను తీసుకున్నారు. యంత్రానికి అర్థమయ్యే ఆజ్ఞలను అసెంబ్లీ అనే యంత్ర భాషలో ఒక్కొక్కటిగా చేత్తో పేర్చాలి. ఆరు నెలల ప్రొబేషన్.

నేను సంగారెడ్డి గంజ్ బజారులో ధాన్యం దుకాణం నడిపేవాళ్ల అబ్బాయిని. మా బజారులో కంప్యూటర్ ముట్టుకున్న మొదటివాణ్ని నేనే. ఆ పొగరు నా నడకలో కూడా కనిపించేదని మా అమ్మ తిట్టేది.

కంప్యూటరు గదిలో ఆపరేటరు ఒక పెద్దాయన, ఆయనదీ సంగారెడ్డే. అందరూ చాచా అని పిలిచేవారు. కార్డుల కట్ట పెట్టడం, కాగితం మార్చడం, ఇరుక్కున్న కార్డు లాగడం ఆయన పని. ఆయనకు చూపు పోతోందని, అప్పటికే ముప్పాతిక పోయిందని నాకు తెలియదు. మేనేజరుకూ తెలియదు. రిటైర్మెంటుకు ఇంకా రెండేళ్లుంది, తెలిసిన రోజే ఇంటికి పంపేస్తారు. ఆ సంగతి తెలిసిన మనిషి ఒక్కడే, నాకు ముందు అక్కడ పనిచేసిన ప్రోగ్రామరు. ఆయన కామెర్లతో పోయి అప్పటికి నాలుగు నెలలు.

నేను చేరిన రోజు ఎండ భగభగ మండుతోంది. లోపల మాత్రం ఏసీ చలికి చేతుల మీద రోమాలు లేచాయి. కిటికీలు లేని గది. కంప్యూటరు నెత్తిన ఒక పాత ట్రాన్సిస్టర్ రేడియో, ఏ స్టేషనూ పలకని చోట ముల్లు పెట్టి ఉంది. అందులోంచి సన్నగా, తెగకుండా ఒక ఈల వస్తోంది.

"కూసోండ్రి సాబ్," అన్నాడు చాచా గోడ వైపు చూస్తూ. "పాత సాబ్ ఇప్పుడు ఖాళీగున్నడు."

పాత సాబ్ అంటే ఆ పోయిన ప్రోగ్రామరే. కంప్యూటరు పక్కన రేడియో పెడితే లోపలి ప్రోగ్రాము గిరగిరా తిరిగే చప్పుడు అందులో వినిపిస్తుందని మా పనిలో ఉన్నవాళ్లందరికీ తెలుసు. నాకూ తెలుసు. అయినా అలా చనిపోయిన మనిషి గురించి ఎవరైనా మాట్లాడతారా?

ఆ రేడియో నాలుగు రకాలుగా కూసేది. పని లేకపోతే ఈల. కాగితం అయిపోతే లోతుగా ఒక మూలుగు. కార్డుల కట్ట కావాలంటే రెండేసి దెబ్బలు. కార్డు ఇరుక్కుంటే మాత్రం ఒక వెక్కు, మధ్యలో ఊపిరి తీసుకున్నంత ఖాళీ, మళ్లీ వెక్కు. ఆ నాలుగో కూత రాగానే చాచా చేతులు తిన్నగా వెళ్లి, రెండు వేళ్లతో కార్డు లాగి, తొడ మీద నిమిరి పక్కన పెట్టేవి. తల మాత్రం గోడ వైపే. ఎర్ర దీపం వెలుగుతున్నా దాన్ని చూసేవాడు కాడు. వాచ్‌మన్ ఆ గది గడప దాటేవాడు కాదు. "అండ్ల మనిషి ఏడుస్తడు సార్, నాకు బుగులైతది," అనేవాడు. నేను నవ్వేవాణ్ని గానీ, మధ్యాహ్నం ఒక్కణ్నే ఉన్నప్పుడు రేడియో కట్టేసేవాణ్ని.

నా ఆజ్ఞలకు మానిటర్‌లో చోటు కావాలి. మీటలు నొక్కుతూ, దీపాలు చదువుతూ యంత్రం జ్ఞాపకం, అదే మెమరీ, మొత్తం గాలించాను. లోపల ప్రతి ఆజ్ఞా ఒక అంకెగానే ఉంటుంది. కంపెనీ ఇచ్చిన పుస్తకంలో లేని నలభై మూడు అంకెలు ఒక మూల దొరికాయి. అన్నీ కలిపి నాలుగు చుట్లు. ఒక అంకె నుంచి సున్నా దాకా ఊరికే లెక్కపెట్టడం, మళ్లీ మొదలుపెట్టడం, అంతే. లెక్కించి ఏం చేస్తాయయ్యా అంటే ఏమీ చేయవు. "పాతాయన పొద్దుపోక రాసుకున్న చెత్త," అనుకున్నాను. నా మొహం మండ, ఆ అంకెలు కాగితం మీద ఎక్కించాలన్న బుద్ధి కూడా పుట్టలేదు.

చాచా సెలవులో ఉన్న రోజు చూసుకుని, కంపెనీ పంపిన మొదటి టేపు నుంచి శుభ్రమైన మానిటర్‌ను ఎక్కించాను. దానికి నా ఆజ్ఞలు తగిలించాను. రిబ్బను సర్రున చదివేసింది! గదిలో ఒక్కణ్నే గంతులేశాను.

మర్నాడు చాచా వచ్చి రేడియో పెట్టాడు. కార్డులకు ఆగినా, కాగితానికి ఆగినా ఒకటే బుస. కంపెనీ మానిటర్‌లో దేనికోసం ఆగినా ఒకటే చుట్టు మరి. ఆయన కంప్యూటరు మీద అరచెయ్యి ఆనించి చాలాసేపు నిలబడ్డాడు.

"సాబ్, పాత సాబ్ పోయిండా?"

"పోయి తొమ్మిది నెల్లాయె గదా చాచా."

"గట్ల కాదు. మొన్నటిదాంక ఉండె."

ఆయన తడుముకుంటూ కుర్చీలో కూర్చున్నాడు. "నాకు కండ్లు కనవడ్తలెవ్వు సాబ్. దీపాలన్నీ ఒక్కతీరె మసక మసక ఉంటయి. ఏ పని ఆగితే ఆ కూత వచ్చెటట్టు పాత సాబే పెట్టిచ్చిండు. ఎవ్వలకు చెప్పకుండ్రి, నౌక్రి పోతది."

"యాడనన్న రాసి పెట్టిండా, చాచా?"

"మిషన్లనే రాసిండు."

మా వృత్తికి ఉన్న రోగమే అది. ఆ కాలపు యంత్రాల జ్ఞాపకం అంటే సన్నటి ఇనుప ఉంగరాల అల్లిక. కరెంటు పోయినా అవి ఏదీ మరచిపోవు. అందుకని మీటలతో నేరుగా లోపల దిద్దేసి, కాగితం మీద పెట్టకుండా వదిలేసేవాళ్లం. నేను చెత్త అనుకున్న నలభై మూడు అంకెలే ఆ కూతలు. ఆ ఉంగరాలను నా చేత్తోనే ఖాళీ చేశాను.

పది రోజుల్లో నా రిబ్బను పని ప్రదర్శన. బయటి నుంచి పెద్దమనుషులు వస్తున్నారు. ఆలోగా నాలుగు కూతలూ తిరిగి తేవాలని ఇద్దరం కూర్చున్నాం. ఆయన పాత కూత గొంతుతో తీసేవాడు, నేను అంకె మార్చేవాణ్ని. "ఇంక జెర సన్నగ." "దాటిపోయింది సాబ్, ఎన్కకు రాండ్రి." "ఆ, గిదే, గిదే!" కళ్లు మూసుకుని ఆయన తీసే ఆ కూతలు అచ్చం యంత్రంలోంచి వచ్చినట్టే ఉండేవి. వారంలో మూడు కూతలు తిరిగొచ్చాయి. నాలుగోది మాత్రం ఎంత మొత్తుకున్నా కుదరలేదు.

"ఏడుస్తుంది గని సాబ్," అన్నాడు, "అండ్ల ఊపిరి లేదు. ఖాళీగున్నప్పటి కూత లెక్కనే ఉంది."

ప్రదర్శన రోజు రానే వచ్చింది. రిబ్బను చదవగానే అందరూ చప్పట్లు కొట్టారు. మేనేజరు నా భుజం తట్టాడు. తర్వాత కార్డుల పని మొదలైంది. సగంలో ఒక కార్డు ఇరుక్కుంది. ఎర్ర దీపం వెలిగింది. రేడియోలో నా నాలుగో కూత, ఊపిరి లేనిది, సన్నగా సాగింది. చాచా పని అయిపోయిందనుకున్నాడు. గోడ వైపు నవ్వుతూ ఇంకో కట్ట తెచ్చి పెట్టి మీట నొక్కాడు. కార్డులు కరకరా నలిగిపోయాయి. ఆయన నవ్వుతూనే ఉన్నాడు.

మేనేజరు నెమ్మదిగా వెళ్లి ఆయన ముఖం ముందు అరచెయ్యి అటూ ఇటూ ఆడించాడు. చాచా రెప్ప వేయలేదు. గదిలో రేడియో ఒక్కటే మోగుతోంది.

"ఎన్నాళ్ల నుంచి?" అన్నాడు మేనేజరు.

నేను అనవలసింది ఒక్క మాట. తప్పు నా ప్రోగ్రాముది సార్, ఆయనకు చెప్పవలసిన కబురు అది చెప్పలేదు, అని. అబద్ధం కూడా కాదు. కానీ ప్రొబేషన్ ఇంకా పదిహేను రోజులుంది. ఆ మాట అనకుండా వంగి నలిగిన కార్డులు ఏరడం మొదలుపెట్టాను.

"సాబ్‌ది ఏం లేదు సార్," అన్నాడు చాచానే. "గల్తీ నాది."

మధ్యాహ్నానికే ఆయన్ని ఇంటికి పంపేశారు. పోతూ పోతూ రేడియో నా చేతిలో పెట్టబోయాడు, చెయ్యి దొరకక నా చొక్కాకు ఆనించాడు. "మీ తాన్నే ఉండనియ్యిండ్రి సాబ్. మీకు మల్ల ఎవరు చెప్తరు?"

నాలుగింటికి ఒక్కణ్నే యంత్రం ముందు కూర్చున్నాను. ఏం తోచిందో, వెక్కుకూ వెక్కుకూ మధ్య ఊరికే ఆగే ఇంకో చిన్న లెక్క ఇరికించాను. వచ్చేసింది. వెక్కు, ఊపిరి, మళ్లీ వెక్కు. "చాచా!" అని వెనక్కి తిరిగాను. ఖాళీ కుర్చీ. గది ఏడుస్తోంది, ఆ ఏడుపు నేర్పింది నేనే. ఆ రోజు వాచ్‌మన్‌లాగే నేనూ భయపడి ఆ గడప దాటి బయటకు పరుగెత్తాను.

ఆదివారం సంగారెడ్డిలో ఆయన ఇంటికి వెళ్లాను. చాచా మంచం మీద కూర్చుని ఉన్నాడు, చేతులు ఒళ్లో ఉన్నాయి. ఆయన భార్య చాయ్ ఇచ్చింది. క్షమించమని అడగడానికే వెళ్లాను. అది అడగకుండా నాలుగో కూత గొంతుతో తీశాను.

ఆయన ముఖం గోడ వైపు తిరిగింది. ఒళ్లోంచి రెండు చేతులూ లేచాయి. గాలిలో తిన్నగా ముందుకు వెళ్లి, రెండు వేళ్లతో లేని కార్డును లాగి, తొడ మీద నిమిరి పక్కన పెట్టాయి.

"గిదే సాబ్," అన్నాడు. "ఊపిరి దొరికింది."

ఆ చేతులు ఇంకో కార్డు కోసం మళ్లీ లేచాయి. ఆపితే నేను మాట్లాడవలసి వస్తుంది. అందుకని కూస్తూనే ఉన్నాను.