పొద్దున్నే నాలుక గీసుకునే రాక్షసుడు

మా గేములో రాక్షసుడికి అన్నీ అమిరాయి, గొంతు తప్ప.

గేము అంటే వీడియో గేము. మా ఆయనా నేనూ కలిసి మార్కాపురంలో మా మేడ మీది గదిలో కూర్చుని చేసింది. వెనక కంపెనీ లేదు, పెట్టుబడి పెట్టినవాళ్లు లేరు. ఇద్దరమూ ఇంటి నుంచే సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేసుకునేవాళ్లం. సాయంత్రాలు, ఆదివారాలు దానికి. ఆయన ప్రోగ్రాం రాసేవాడు. బొమ్మలు, శబ్దాలు నావి.

కథ చిన్నదే. ఎక్కడో నక్షత్రాల అవతల ఒక గ్రహం, దాని మీద ఒక పలకరాయి గని. గనిలో ఊట నీళ్లు తోడే మోటారు ఆగిపోయింది. లోపలికి దిగిన మనుషుల జాడ లేదు. మోటారు బాగుచేయడానికి ఒక మెకానిక్కు దిగుతాడు. ఆ మెకానిక్కు ఆడేవాడే. కాబట్టి తెర మీద మనిషి కనిపించడు, అతని చేతులు మాత్రమే కనిపిస్తాయి. ఒక చేతిలో లైటు, ఇంకో చేతిలో మేకులు కొట్టే తుపాకీ. రాతి పొరల సందుల్లోంచి పలచగా, తడి గుడ్డ జారినట్టు జారి బయటికొచ్చే జంతువు ఒకటి ఉంటుంది. అదే మా రాక్షసుడు. పొరల్లో బతికేది కాబట్టి గేముకు 'పొర' అని పేరు పెట్టుకున్నాం.

పలకరాయి గనే ఎందుకని అడిగితే, మార్కాపురంలో కూర్చుని ఇంకేం గని ఊహిస్తాం? ఊరి బయట వదిలేసిన క్వారీల అంచున నిలబడి, అడుగున నిలిచిన పచ్చటి నీళ్లకీ, పుస్తకం పేజీల్లా పేర్చినట్టున్న రాతికీ ఫోటోలు తీసుకొచ్చాను. మోటారు ఎందుకని అడిగితే, మా మామకు బజారులో బోరు మోటార్ల దుకాణం ఉంది. కొమరోలు దగ్గర మా చిన్నమామ చేలో బోరు వేస్తున్నప్పుడు గాలి తన్నుకొచ్చిన హోరు రికార్డు చేసుకొచ్చి, దాన్నే రాకెట్ దిగే శబ్దం చేశాను. ఇట్లా అన్నీ ఇంటి సరుకులే.

గొంతు దగ్గరే ఆగిపోయాం. ఇంటర్నెట్లో ఉచితంగా దొరికే గర్జనలు ప్రపంచంలో ప్రతి గేములోనూ ఉన్నాయి. పక్కింటి బర్రె అరుపును సాగదీసి చూశాను. దూడ కోసం బెంగ పెట్టుకున్న బర్రెలాగే ఉంది గాని భయం పుట్టలేదు. మా ఆయన తలుపులు వేసుకుని గొంతు చించుకుని అరిచాడు. దాన్ని కంప్యూటర్లో పెట్టి ఎన్ని తిప్పలు పెట్టినా, పొదిలి బస్టాండులో ఎవరో బస్సెక్కమని పిలుస్తున్నట్టే వినిపించింది.

ఒకరోజు పొద్దున్నే మేడ మీద కాఫీ తాగుతూ ఇదే మాట్లాడుకుంటున్నాం. కింద పెరట్లోంచి మామ మొదలుపెట్టారు.

మా మామ వేపపుల్లతో పళ్లు తోముకుని, ఆ పుల్లనే నిలువునా చీల్చి దానితో నాలుక గీసుకుంటారు. ముందు పొడిగా ఒక గీకుడు. తర్వాత కడుపు అడుగు నుంచి సుడి తిరుగుతూ లేచే ఒక పెద్ద 'ఖ్రా...'. అది గొంతు దాకా వచ్చి అక్కడ కాసేపు నిలబడి, ఇల్లంతా ఊపిరి బిగబట్టుకున్నాక 'వ్యాఖ్' అని తెగిపడుతుంది. నేను గిద్దలూరు నుంచి ఈ ఇంటికి కాపురానికొచ్చిన మొదటి పొద్దున ఆ శబ్దానికి లేచి, మామకు ఏదో అయిపోయిందనుకుని చెప్పుల్లేకుండా కిందికి పరుగెత్తాను. వంటింట్లో అత్త పాలు పొంగకుండా చూసుకుంటూ తాపీగా అంది:

"ఏంలేదమ్మా. మీ మామ నాలిక గీక్కుంటా ఉండాడు. పోయి పండుకో."

తర్వాత అలవాటైపోయి అది చెవికి ఎక్కడమే మానేసింది. ఆ రోజు మళ్లీ విన్నాను. కాఫీ గ్లాసు పక్కన పెట్టి మా ఆయన వైపు చూశాను. ఆయన అప్పటికే నా వైపు చూస్తున్నాడు.

"నాయన ఒప్పుకుంటాడా?" అన్నాడు.

అడగందే ఎట్లా తెలుస్తుంది? టిఫిన్ల దగ్గర నేనే కదిపాను. "మామా, మా గేములో ఒక జంతువుంది. దానికి మీ గొంతు కావాల."

మామ దోసె తుంచడం ఆపారు. "నా గొంతా? పాట పాడాల్నా?"

"పాట కాదు నాయనా," అని మా ఆయన నీళ్లు నమిలాడు. "పొద్దున్నే నువ్వు... పుల్లతో..."

అత్త నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి వెళ్లిపోయింది. మామకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక మళ్లీ దోసె తుంచుకుంటూ, "దానికేముంది, రేపు పట్టుకోండి," అన్నారు. వ్యాపారస్తుడు; తన దగ్గరున్న సరుకు ఎవరికైనా పనికొస్తుందంటే కాదనడం ఆయనకు చేతకాదు.

మరునాడు పొద్దున మైకు స్టాండు పెట్టుకుని పెరట్లోకి వెళ్లేసరికి మామ ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల దువ్వుకుని నిలబడి ఉన్నారు. పుల్ల చీల్చారు. మైకు వైపు ఒకసారి చూశారు. పెళ్లిలో కొత్తవాళ్ల ముందు దగ్గినట్టు, ఎంతో మర్యాదగా "అహ్" అన్నారు.

"అట్ల కాదు నాయనా, రోజూ ఎట్ల చేస్తావో అట్లనే," అన్నాడు మా ఆయన.

"అట్లనే గదరా చేసినా!"

మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. మైకు ఉందంటే చాలు, మామ గొంతు ముడుచుకుపోయేది. మైకు కుండీ వెనక దాచిపెడితే, "యాడుందో నాకు తెలుసులే," అని కుండీ వైపే చూస్తూ చేసేవారు. మేం ఆశ వదులుకుని ఇక బర్రెతోనే సరిపెట్టుకుందాం అనుకుంటున్న రోజున, సరిగ్గా పుల్ల చీల్చే సమయానికి ఫోను మోగింది. అవతల చిన్నమామ. చేలో మోటారు మళ్లీ కాలిందట.

"మళ్లనా? కరెంటు సరిగా లేనప్పుడు ఆన్ చెయ్యొద్దని నీకు ఎన్నిసార్లు చెప్పినా? వైండింగు మొన్ననే గదరా చేయించింది! నా మాట వింటివా నువ్వు?" మామ ముఖం ఎర్రబడింది. ఫోను చెవి దగ్గర పెట్టుకునే, ఇంకో చేత్తో కోపంగా నాలుక గీసుకోవడం మొదలుపెట్టారు. మైకు ముందుందన్న సంగతే మరిచిపోయారు. ఆ రోజు లేచిన శబ్దానికి గోడ మీది కాకులు ఎగిరిపోయాయి. అది అయ్యాక చిన్నమామ ఫోన్లో "అన్నా, ఏమైందన్నా?" అని కంగారుగా అరవడం కూడా రికార్డయింది.

హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వింటున్న నాకు చేతుల మీద వెంట్రుకలు లేచాయి. మామకు వినిపించి, "ఇది వాడుకోమంటారా?" అని అడిగాను. "వాని అరుపు తీసేసి పెట్టుకోండి," అన్నారు.

ఆ శబ్దాన్ని కాస్త నెమ్మది చేసి, గనిలో మారుమోగినట్టు చేశాను. ముందు గీకుడు, తర్వాత సుడి, తర్వాత నిలకడ, చివరికి తెగడం. గీకుడు వినిపిస్తే జంతువు రాతి పొరలోంచి బయలుదేరినట్టు. నిలకడ అంటే పక్కనే ఉన్నట్టు. తెగిందంటే మీద పడ్డట్టు. మా ఆయన తను రాసిన గేమును తనే ఆడి, రెండుసార్లు కుర్చీ వెనక్కి జరిపేశాడు.

అయితే ఇద్దరమూ చేసినవాళ్లమే. బయటివాళ్లు ఆడితే గాని సంగతి తెలియదు. అత్తను అడిగాం. ఫోన్లో రంగు రంగుల పండ్లు జతచేసే ఆట ఆమెకు బాగా వచ్చు. మౌసు పట్టుకోవడం రెండు మూడు రోజుల్లో నేర్చుకుంది. హెడ్‌ఫోన్స్ పెట్టి, గదిలో పరదాలు దించి కూర్చోబెట్టాం. చీకటి గనిలోకి మెట్లు దిగింది. కొంతసేపటికి రాతి వెనక నుంచి గీకుడు మొదలైంది.

అత్త తుపాకీ ఎత్తలేదు. పరుగెత్తలేదు. నిదానంగా నడుస్తూనే ఉంది.

"కాల్చమ్మా! వస్తా ఉంది!" అన్నాడు మా ఆయన.

"ఇంకా రాదులేరా. ఇప్పుడే గదా మొదలుపెట్టింది." సుడి లేచి గొంతు దాకా వచ్చింది. అత్త పక్కనున్న రాతిగుట్ట చాటుకు తిరిగి నిలబడింది. జంతువు ఆమె పక్క నుంచి దూకి, ఏమీ దొరక్క పొరలోకి వెళ్లిపోయింది. "ఇంక మీ నాయన మొహం కడుక్కోవాల. అంతదాకా పని లేదు," అని ముందుకు సాగింది. అట్లా ఒక్క మేకు కూడా ఖర్చు చేయకుండా మోటారు దాకా వెళ్లి, దాన్ని ఆన్ చేసి, హెడ్‌ఫోన్స్ తీసి నా చేతిలో పెట్టింది.

"ముప్పై ఏండ్లకు పైగా వింటా ఉండా. దీనికి భయపడతానా?"

మేం పొట్ట పట్టుకుని నవ్వాం. అత్త ఆ సంగతి తన అక్కచెల్లెళ్లందరికీ ఫోన్లు చేసి చెప్పింది. అక్కడే చిక్కు వచ్చింది. ఆ వారం ఇంటికొచ్చిన చుట్టాల్లో ఒకాయన మామను చూసి, "ఏం బావా, రాక్షసుడైతివంట గదా!" అన్నాడు. మామ కూడా నవ్వారు. కాని మరునాడు పొద్దున పెరట్లోంచి శబ్దం రాలేదు. ఆ మరునాడూ రాలేదు. మామ బ్రష్షుతో పళ్లు తోముకుని, నోట్లో నీళ్లు పోసుకుని చప్పుడు కాకుండా ఉమ్మేసి వస్తున్నారు.

ఇల్లు ఏదోలా అయిపోయింది. అత్త రోజూ ఆ శబ్దాన్ని బట్టే పాల గిన్నె పొయ్యి మీద పెట్టేది. ఇప్పుడు గడియారం చూసుకుంటోంది. నేను ఉండబట్టలేక దుకాణానికి టీ పట్టుకుని వెళ్లినప్పుడు అడిగాను.

"మామా, మేం చేసింది మీకు కష్టమనిపించిందా?"

"కష్టమేం లేదమ్మా." మామ పైపు ముక్కలు సర్దుతూనే ఉన్నారు. "ఇన్నేండ్లు ఇంత గలీజుగా ఉంటాదని నాకెవురూ చెప్పలా. మీ అత్తన్నా చెప్పలా. గేములో పెట్టి వినిపిస్తే గాని తెల్వలా."

"గేములోంచి తీసేయమంటారా?"

"తీసేస్తే ఇంకేం పెడతారు, బర్రెనా?" అన్నారు. ఆ మాటలో నవ్వుంది గాని, కళ్లు నా వైపు తిప్పలేదు.

గేము ఇంటర్నెట్లో విడుదల చేశాం. పెద్ద సంచలనమేమీ కాలేదు. కొందరు కొన్నారు, కొందరు బాగుందన్నారు, ఒకరు గని మరీ చీకటిగా ఉందని తిట్టారు. కొన్నాళ్లకు మా ఆయన ఒక వీడియో చూసి కేకపెట్టాడు. దూరదేశంలో ఎర్రగడ్డం మనిషి ఒకాయన, భయపెట్టే ఆటలు ఆడుతూ అది లైవ్‌లో చూపించేవాడు, మా 'పొర' ఆడాడు. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక దాన్ని హాల్లో టీవీలో పెట్టాం. మామ వద్దంటూనే వచ్చి కూర్చున్నారు.

ఎర్రగడ్డం ఆయన బడాయిగా మాట్లాడుతూ, కప్పులో ఏదో తాగుతూ మెట్లు దిగాడు. గీకుడు వినిపించింది. మాట ఆపాడు. సుడి లేచింది. కప్పు నోటి దగ్గరే ఆగిపోయింది. ఆ నిలకడలో అతని కళ్లు ఎంత పెద్దవయ్యాయంటే, మా అత్త "అయ్యో పాపం" అంది. శబ్దం తెగింది. మనిషి కుర్చీతో సహా వెనక్కి పడ్డాడు. కప్పు ఎగిరింది. టీవీలో ఖాళీ గోడ, దాని మీద కారుతున్న కాఫీ మరక మిగిలాయి.

అప్పుడు మామ ముందుకు వంగి అడిగారు:

"ఆ పిల్లోడు ఏడికి పోయినాడు? దెబ్బ తగిలిందా?"

తగల్లేదు. లేచి వచ్చి, చొక్కా తుడుచుకుంటూ, తన జన్మలో ఇంత ఘోరమైన శబ్దం వినలేదనీ, ఇది చేసిన మనిషి గొప్ప నటుడై ఉండాలనీ అన్నాడు. నేను తెలుగులో చెప్పాను. మామ మళ్లీ చెప్పించుకున్నారు.

"నటుడంటనా?"

"గొప్ప నటుడంట."

ఆ సాయంత్రమంతా మామ ఆ మాట అత్తకు రెండు మూడుసార్లు గుర్తుచేశారు. కాని ఆయన మనసులో ఇంకోటి పడింది. "ఆయన్ని అట్ల బెదరగొడితిమి. నీళ్లన్నా తాగినాడో లేదో. మంచిగుండావా అని ఒక మాట రాయమ్మా," అన్నారు. మామ చెబుతుంటే ఇంగ్లీషులో రాసి పంపాను: ఆ శబ్దం నాదే, నేను మోటార్ల వ్యాపారిని, నటుణ్ణి కాను, పొద్దున్నే నాలుక గీసుకుంటాను, మీరు కిందపడినందుకు బాధగా ఉంది, నడుము నొప్పి ఉంటే వేడినీళ్ల కాపడం పెట్టుకోండి.

జవాబు మూడో రోజుకు వచ్చింది. నడుము బాగానే ఉందట. శనివారం మిగతా గేము కూడా ఆడతాడట, వీలైతే చూడమన్నాడు. మర్నాడు పొద్దున వంటింట్లో పాల గిన్నె పట్టుకుని నిలబడ్డ అత్తా, మెట్ల మీద నేనూ, ఇద్దరమూ ఒకేసారి తలలెత్తాం. పెరట్లో కాకులు లేచిపోయాయి.

శనివారం మామ దుకాణం పెందలాడే కట్టేసి వచ్చారు. అక్కడ వాళ్లకు పొద్దున, మనకు సాయంత్రం. ఎర్రగడ్డం ఆయన ఆట మొదలుపెట్టే ముందు ఒక కాగితం తీసి, మామ రాయించిన ఉత్తరాన్ని చూస్తున్నవాళ్లందరికీ చదివి వినిపించాడు. కాపడం దగ్గర నవ్వు ఆపుకోలేకపోయాడు, కాని అది ఎగతాళి నవ్వు కాదు. చివర్లో మామ పేరు కింద రాసిన ఊరి పేరు దగ్గర తడబడ్డాడు. "మర్... కాప్... యూర్," అన్నాడు.

"మార్కాపురం," అన్నారు మామ టీవీతో.

"మర్‌కాప్యూర్," అన్నాడు ఆయన మళ్లీ.

"మార్‌-కా-పు-రం! నోరు బాగా తెరువు నాయనా," అని మామ లేచి టీవీ దగ్గరికి వెళ్లారు. ఆయనకు వినిపించదని మా ఆయన చెప్పబోయాడు. అత్త అతని చెయ్యి పట్టుకుని ఆపేసింది.