పూతకొచ్చిన కొత్తిమీర

మా ఆయన చేలో పురుగుమందు కొట్టి వచ్చిన బట్టలు పాతికేళ్లుగా వేరే బకెట్‌లోనే ఉతికాను. ఎన్ని నీళ్లు మార్చినా ఆ కంపు వదిలేది కాదు. పోయినేడు మిరపచేలోనే కళ్లు తిరిగి పడిపోయాడు. దర్శి ఆసుపత్రిలో డాక్టరు ఇక స్ప్రే పంపు భుజానికి ఎత్తొద్దన్నాడు. ఆయన తలూపాడు. ఆ తలూపడం సంగతి నాకు తెలుసు, చేలో పురుగు కనబడేదాకానే.

అందుకే ఈసారి మా ఊరికి వచ్చే వ్యవసాయాధికారి, మా అమ్మాయి ఈడుది, చెప్పిన మాట విన్నాను. మిరప సాళ్ల మధ్య ధనియాలు చల్లమంది. కొత్తిమీర పూత వాసనకు అక్షింతల పురుగులు, సన్నటి కందిరీగలు వస్తాయనీ, ఆకుల రసం పీల్చే పేనుబంక సంగతి అవే చూసుకుంటాయనీ చెప్పింది.

కొత్తిమీర బాగానే మొలిచింది. చిక్కల్లా నాతోనే. లేత కొత్తిమీర కళ్లెదుట ముదిరిపోతుంటే ఊరుకునే ఆడది మా వైపు ఉంటుందా? పొద్దున్నే గుప్పెడు పీకాను. మర్నాడు ఇంకో గుప్పెడు. పచ్చడి నూరాను, ఇరుగుపొరుగుకు పంచాను, నా పొదుపుకు నేనే మురిసిపోయాను. పూత రావలసిన వేళకు సాళ్లు బోసిపోయాయి. మిరపాకుల అడుగున పేనుబంక పట్టింది.

మా ఆయన చూశాడు. కొట్టంలోంచి పంపు తీసి కడిగాడు. ఆ వ్యవసాయాధికారి అమ్మాయికి ఫోన్ చేసి, నేను చేసిన ఘనకార్యం ఒప్పుకున్నాను.

ఆ పిల్ల వచ్చి, ఒక్క పువ్వయినా మిగిలిందా అని అడిగింది. కాలవ వైపు, అంత దూరం నడవలేక నేను వదిలేసిన రెండు వరసలు తెల్లగా పూసి ఉన్నాయి. వాటి పక్క మిరపమొక్కల మీద నల్లటి ముళ్ల పురుగులు పాకుతున్నాయి. ఇదేం కొత్త పీడ అనుకున్నాను. అవి అక్షింతల పురుగు పిల్లలట. చూస్తుండగానే ఒకటి పేనును పట్టి నమిలేసింది.

“వారం ఆగండి. ఆ రెండు వరసల్లో ఆకు తుంచితే ఒట్టు,” అన్నాను మా ఆయనతో.

ఆయన పంపు వైపు చూశాడు. “వారమే,” అన్నాడు.

ఆ వారం పప్పులోకి కొత్తిమీర బజారులో కొన్నాను. రోజూ వెళ్లి ఆకులు తిప్పి చూసేదాన్ని. ముందు ఆ వరసల పక్కన, తరవాత కాస్త లోపల కూడా పేను పలచబడింది. కొన్ని మొక్కలు ముడుచుకుపోయాయి. మిగతా చేను తేరుకుంది.

ఎనిమిదో రోజు ఆయన కాలవ వైపు కలుపు తీసి వచ్చి చొక్కా విప్పి ఇచ్చాడు. అలవాటుగా వేరే బకెట్ లాగాను. చొక్కా కొత్తిమీర వాసన వేస్తోంది. దాన్ని ముఖానికి ఆనించుకుని నిలబడ్డాను. ఏడుపొచ్చింది. తరవాత ఇంట్లో అందరి బట్టలతో కలిపి నానబెట్టాను.