ధాన్యం మీద రెండు ఒట్లు

కోతలయ్యాక చేలో రాలిన కంకులు ఏరుకోవటాన్ని పరిగె అంటాం. రాలింది కూలోళ్లది, కోసి మోపుగా కట్టిన పన రైతుది. ఈ మాట ఏ కాయితంలోనూ లేదు. మా అమ్మ చెప్పింది, నేను నమ్మాను. పామర్రు చుట్టుపట్ల అందరూ నమ్ముతారనే అనుకున్నాను.

మా ఆయన పోయిన రెండో ఏడు. నా పక్కన కోత కోసే మనిషి, నన్ను నోరారా అక్కా అని పిలిచేది, చంటిబిడ్డ తల్లి. పనలోంచి కంకులు దూసి పరిగె గంపలో వేసుకుంది. నేను చూశాను. రైతుకీ అనుమానమొచ్చింది. గంప కళ్లంలో పెట్టించి, "ఇది పరిగేనా? ఎవరు చూశారు?" అన్నాడు. అది బిక్కచచ్చిపోయింది.

"నేను చూశానండీ. పరిగేనండీ" అన్నాను.

"అయితే ధాన్యం ముట్టుకొని చెప్పు."

వడ్ల రాశి దగ్గరికి చెప్పులేసుకొని కూడా పోని మనుషులం. ముట్టుకొని చెప్పాను. వదిలేశాడు. ఇంటికొచ్చి కలుపుకున్న అన్నం పక్కన పెట్టేశాను. చాన్నాళ్లు ముద్ద దిగలేదు.

పదేళ్లకి కోత మిషన్లొచ్చాయి. మిషను దిగని పల్లపు చేలకే మమ్మల్ని పిలిచేవాళ్లు. అప్పటికి ఆ మనిషే మా కూలోళ్ల ముఠాకి మేస్త్రి. ఆ ఏడు గాలివానకి చేను పడిపోయి పరిగె బాగా దొరికింది. నాచేత ఒట్టేయించిన పెద్దాయన లేడు, కొడుకు చేస్తున్నాడు సేద్యం. నా గంప చూసి, "ఏరుకున్నావా, ఎత్తుకొచ్చావా?" అన్నాడు.

"ధాన్యం ముట్టుకొని చెప్తాను బాబూ" అని వంగాను.

"ఒట్లు మా నాన్నతోనే పోయినయ్. మీ మేస్త్రిని చెప్పమను."

అది పొద్దుటి నుంచీ నా పక్కనే ఏరింది. నా ఆకు వక్క నమిలింది. కొంగు సర్దుకొని, "నేను చూళ్లేదండీ. ఎవరు చేసినా తప్పు తప్పేగదండీ" అంది.

నా వడ్లు రాశిలో కలిపేసుకున్నారు. ఊళ్లో నన్ను దొంగన్నారు.

కాలవగట్టు మీద దాన్ని ఆపాను. "ఏమే, నీ కళ్లెదురుగా ఏరలా నేను?"

"ఏరావులే అక్కా. నీ తరఫున మాట్లాడితే ముఠానే రావద్దంటాడు. అంతమంది పొట్టలు. అదీ ధర్మమేగా."

"మరి ఆనాడు నీ ఒక్కదాని కోసం ఒట్టేశానే!"

"నిన్నెవరు వెయ్యమన్నారక్కా?"

నిజమే, అడగలేదు. ధర్మమనేది పైనెక్కడో రాసుంటే, ఆ కంకులు తిన్నదాన్ని వదిలి నన్నెందుకు పట్టుకుంది? మనుషులు పెట్టుకున్నదే అయితే, మా ఇద్దరికి తప్ప ఎవరికీ తెలియని అబద్ధానికి నాకు ముద్ద ఎందుకు దిగలేదు? దానికెట్లా దిగింది? ఇప్పటికీ నాకు తేలలేదు.

మరుసటేడు ఉయ్యూరు వైపు ముఠాలో చేరాను, చెరకు కొట్టటానికి. అక్కడి మేస్త్రమ్మ, "ఆ ముఠా ఎందుకొదిలావు? మీ మేస్త్రి మంచిదంటారే" అంది. ఒక్క మాట చాలు, దాని పరువు గంగలో కలిసిపోటానికి. నోటిదాకా వచ్చింది, మింగేశాను. మంచితనమనుకోమాకండి. దాని దొంగతనం చెప్పాలంటే నా దొంగ ఒట్టు కూడా చెప్పాలి.

"దూరమైపోయిందమ్మా" అని కత్తి తీసుకొని తోటలోకి దిగాను.