సర్వర్ గదిలో పసిపాప

మా ఆఫీసులో అందరికన్నా సుకుమారి సర్వర్ యంత్రం. వేడి పడదు, దుమ్ము పడదు, కరెంటు పోతే ప్రాణం పోతుంది. అందుకని దానికో గది, ఆ గదికో గడియ, రాత్రింబవళ్లు ఏసీ. లోపలికి వెళ్లాలంటే గర్భగుడిలోకి వెళ్లినట్టు చెప్పులు బయట విడవాలి. ఆ చలిలో పెంగ్విన్‌ని నిలబెడితే అదీ రగ్గు అడిగేది.

ఐటీ అనే రెండక్షరాలు వినబడితే చాలు, ఇంటద్దెలూ పెళ్లిసంబంధాలూ ఆకాశానికి ఎగిరే రోజులవి. సికింద్రాబాద్‌లో, రాంగోపాల్‌పేట్‌లో ఓ బట్టల కొట్టు పైన మా కంపెనీ. అమెరికా డాక్టర్లు గొణిగి పంపిన మాటల్ని హెడ్‌ఫోన్లలో విని టైపు చెయ్యడం మా పని. ఆ మాత్రానికే మా కోడలు ఐటీ అని మల్కాజ్‌గిరి మొత్తం మా అత్తగారు చాటింపు వేశారు.

పాపకి మూడు నెలలు నిండగానే తిరిగి పనిలో చేరాను. చేరకపోతే నా కుర్చీలో ఇంకొకరు కూర్చుంటారు. పాప మాత్రం సీసా పాలు ముట్టనని భీష్మించింది. ఇంట్లో మా అత్తగారి దగ్గర అది ఏడుపు లంకించుకుంటే మల్కాజ్‌గిరి స్టేషన్లో రైళ్లు సిగ్నల్ అనుకుని ఆగేవి. సాయంత్రానికి దాని గొంతు బొంగురుపోయేది. ఇక్కడ ఆఫీసులో నా జాకెట్టు తడిసిపోయి, కుర్చీలోంచి లేవాలంటే ఫైలు గుండెలకి హత్తుకుని లేచేదాన్ని. ఉద్యోగమా, పాలా? రెండూ దక్కే దారి కనబడలేదు.

చివరికి సిగ్గు చంపుకుని, మధ్యాహ్నం పాపని ఇక్కడికి తెప్పించుకుంటానని మా మేనేజరుని అడిగాను. మంచివాడే.

"పిల్లను ఆకలితోటి ఎట్ల ఉంచుతం మేడమ్? తెప్పించుకోండ్రి. కానీ లోపల గడియ ఉన్న రూమ్ మనకాడ సర్వర్ రూమొక్కటే. జెర చెప్పులు మాత్రం బయట ఇడ్వండ్రి."

అలా మా అత్తగారు రోజూ పాపని బొంతలో చుట్టుకుని బస్సెక్కి వచ్చేవారు. తలుపు బయట రెండు జతల ఆడ చెప్పులు కనబడితే చాలు, లోపల ఏం జరుగుతోందో ఆఫీసు మొత్తానికి తెలిసిపోయేది. మగవాళ్లు తలలు వంచుకుని, నేల మీద సూది వెతుకుతున్నట్టు నడిచేవాళ్లు. నేను కుచించుకుపోయి చీరకొంగులోనే మాయమైపోయేదాన్ని.

వారం తిరక్కుండానే పాపకి జలుబు చేసింది. తర్వాత జ్వరం. పాలు తాగుతూ ఊపిరందక వదిలేసేది, ఛాతీలో పిల్లికూతలు. మా అత్తగారిది శ్రీకాకుళం వైపు. ఊరు వదిలినా యాసని వదల్లేదు.

"ఏటమ్మా ఇది? గుంటకి పాలిత్తన్నావా, ఐసుపెట్టిలో దాత్తన్నావా?" అని రిమోట్ తీసి ఏసీ కట్టేశారు.

కాసేపటికి యంత్రం వేడెక్కి కీచుమని అలారం మొదలుపెట్టింది. ట్యాంక్‌బండ్ దాకా వినబడి ఉంటుంది. మేనేజరు పరుగున వచ్చి, అంత ప్రళయంలోనూ గుమ్మం దగ్గర వంగి బూట్ల లేసులు విప్పుకోబోయాడు. అవి ముడిపడ్డాయి. నేను కొంగు సర్దుకుని గడియ తీశాను.

"ఏసీ బంద్ చేసిన్రా? సర్వర్ గరమైతే ఎంత నుక్సానో తెలుసా మేడమ్?"

"ఆ పెట్టికి ఎచ్చబడితే ఇంత పరుగెట్టావు నాయినా, మా గుంటకి రెండ్రోజుల్నించి ఒళ్లు కాలిపోతంది. దీనికేటి సేత్తావు?" అని మా అత్తగారు పాపని ఆయన ముందుకి చాపారు.

పాప గురగుర ఆయనకీ వినబడింది. చెయ్యి చాపబోయి ఆగిపోయాడు. ఏసీ వేసి, మమ్మల్ని బయటికి పిలిచాడు.

"రేపటి సంది నా క్యాబిన్ల కూసోండ్రి. గా టైముల నేను కిందికి పోయి చాయ్ తాగొస్త. కానీ ఎవ్వరికీ చెప్పొద్దు మేడమ్. రూల్ అనుకుని అందరు అడుగుతరు."

క్యాబిన్లో పరదా ఉంది, ఫ్యాన్ ఉంది. పాప కడుపునిండా తాగి నిద్రపోయేది. జ్వరం తగ్గింది. నాకేమో ఆయన చాయ్ తాగడం మానేస్తే ఏమవుతుందోనన్న బెంగ పట్టుకుంది. ఆయనకి ఎసిడిటీ రాకూడదని మొక్కుకున్న ఏకైక ఉద్యోగిని నేనే.

నా పక్క సీటు అమ్మాయిది రెజిమెంటల్ బజార్. వాళ్లాయనకి అక్కడే కుట్టు మిషన్ల కొట్టు. కొన్నాళ్లుగా అన్నం డబ్బా మూత తీసి వాసనకే బాత్రూముకి పరుగెడుతోంది. ఓ మధ్యాహ్నం నా చెవి దగ్గరికి వంగింది.

"అక్కా, నాకు నెల తప్పింది. సార్‌కి చెప్తే తీసేస్తరేమోనని మస్తు పరేషాన్‌గ ఉంది. నాకు సుత ఆ క్యాబిన్ ఇస్తరా?"

ఎప్పుడూ నాలుక చివరే ఉండే జోకు ఆ రోజు రాలేదు. ఇస్తారో లేదో నాకేం తెలుసు? నాకు దొరికింది ఆయన దయ. దయని ఇంకొకరికి నేనెలా హామీ ఇవ్వను?

"పద, అడుగుదాం."

"ఎవ్వరికీ చెప్పొద్దన్నరంటివి గదా?"

"అందుకే అందరి ముందూ అడుగుదాం."

మేనేజరు చాయ్ తాగి మెట్లెక్కి వస్తుంటే ఇద్దరం ఎదురెళ్లాం. పిల్లతల్లులకి ఓ గది, ఆ కాస్త సమయం రూలుగా రాసి గోడకి అంటించమని అడిగాను. వరసగా హెడ్‌ఫోన్లు దిగాయి. ఆయన నన్ను చూశాడు, ఆమెని చూశాడు, విషయం అర్థమైంది.

"చూద్దాం మేడమ్. పోయి పని చేస్కోండ్రి."

నేను వెనక్కి తిరగబోయాను. ఆ అమ్మాయి నా చెయ్యి వదల్లేదు, చోటు నుంచి కదల్లేదు.

"ఎప్పుడు చూస్తరు సార్?" అంది.