తణికాచలం మామ టెస్ట్ డ్రైవు

తిరువళ్ళూరు నుంచి తిరుత్తణి దాకా ఉండే కార్ల షోరూములన్నిటికీ తణికాచలం మామ అంటే హడలు. ఆయనకుండేది ఒకటే జబ్బు. కొత్త కారు కనబడితే టెస్ట్ డ్రైవు చెయ్యాల. కొనడు. ఆ మాటకొస్తే నడపడమే రాదు.

తిరువళ్ళూరు షోరూములో కలైవాణి ఉద్యోగంలో చేరి ఇరవై రోజులు. కొత్తగా దిగిన చిన్న సెడాన్ పక్కన నిలబడి ఉంటే ఆయన వచ్చినాడు. ఇస్త్రీ చొక్కా, చంకలో గొడుగు. సీనియర్లంతా ఒక్కసారిగా ఫోన్లు చెవిన పెట్టుకున్నారు.

"ఇంజిన్ పన్నెండు వందల సీసీ సార్. మైలేజీ..."

"అదంతా కాగితంలో ఉంటాది గదా పాపా. గుంతలో పడితే ఏమంటాదో చెప్పు."

"కారు ఏమీ అనదు సార్."

"కారు అనదులే. లోపలుండే మనిషి ఏమంటాడని అడుగుతా ఉండా."

కలైవాణి నడిపే బండి రోడ్డెక్కగానే పెద్దాసుపత్రి గేటు వైపు తిప్పమన్నాడు. "ఖాళీ బండిలో ఏం తెలుస్తాది? కుండ కొనేవాడు నీళ్ళు పోసి చూడడా?" అని, బస్ స్టాపులో మోకాలికి కట్టుతో కూర్చున్న ముసలామెనీ ఆమె కూతుర్నీ పిలిచినాడు. "కడంబత్తూరేనా? ఎక్కండి. కంపెనీవాళ్ళే లోడు కావాలంటా ఉండారు."

"నేనెప్పుడు అన్నాను సార్?" అనింది కలైవాణి.

"అనబోతా ఉంటివి."

దారి పొడుగునా వెనక సీట్లో ముసలామె పక్కనే కూర్చుని, ఆమె భుజం పట్టుకుని, స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడల్లా "పీకిందా అమ్మా?" అని అడిగినాడు. దిగేటప్పుడు కలైవాణితో, "ఫారంలో రాసుకో. మొదటి అభిప్రాయం, ఏడు స్పీడ్ బ్రేకర్లకీ మనిషి మూలగలేదు" అన్నాడు.

ఫారంలో అట్లాంటి గడి లేదు. షోరూముకు తిరిగొచ్చినాక మేనేజర్ మురళీధరన్ కిలోమీటర్లు చూసి అరగంట తిట్టినాడు.

అయినా ప్రతి మంగళవారం మామ రావడం, కలైవాణి తిట్లు తినడం మామూలైపోయింది. మూడో వారం కారెక్కినామె ఆరోగ్యమేరి. చేతిలో నెల నిండని బిడ్డ. తిరువాలంగాడులో దిగుతా కలైవాణి చెయ్యి పట్టుకుని, "పోయిన నెల మా అత్తని గూడా ఈయనే ఎర్ర కారులో దింపినాడు. మీ కార్ల కంపెనీలోళ్ళంతా శానా మంచోళ్ళు మ్మా" అనింది.

ఎర్ర కారు వేరే కంపెనీది. కొంచెం దూరం పోయినాక కలైవాణి బండి పక్కకి తీసి ఆపింది.

"మామా, నీకు కారు అక్కర్లేదు గదా. నిజం చెప్పు."

ఆయన గొడుగుని ఒళ్ళో అడ్డంగా పెట్టుకున్నాడు.

"మా ఇంటామె వరదమ్మకి ఆ పెద్దాసుపత్రిలోనే కడుపులో ఆపరేషన్. ఇంటికి పొమ్మన్నారు. బస్సెక్కించినా. సీటు దొరకలా. తిరుత్తణి దాకా నిలబడే వచ్చింది. గుంత వచ్చినప్పుడల్లా నా చెయ్యి నొక్కేది. ఒక్క మాట అనలా."

"తరువాత?"

"పద్నాలుగు దినాలుండి పోయింది. బస్సు వల్ల కాదు, జబ్బే ముదిరిందని డాక్టరు చెప్పినాడు. నిజమే అయ్యుంటాది. అయితే ఆ దారి పొడుగునా ఆమె పడిన నొప్పి ఉంది గదా, అది నా వల్లనే. ఆ పొద్దు గేటు కాడ ఒక కారు ఖాళీగా నిలబడి ఉండె పాపా. కారాయన పేపరు చదువుకుంటా ఉండాడు. అడిగితే ఎక్కించుకుని ఉండునేమో. నేను అడగలా. ఎవర్నీ ఏమీ అడగని మనిషినని నాకు ఒక పొగరు. ఇంక ఇప్పుడు సిగ్గు లేదు. ఎవర్నైనా అడుగుతా."

కలైవాణి బండి తీసింది. ఆయన్ని తిరుత్తణిలో ఇంటి దగ్గర దింపి, ఒక్కతే బండి నడుపుకుంటా తిరిగొచ్చింది. దారిలో రెండుసార్లు కళ్ళు తుడుచుకోవడానికి ఆపాల్సి వచ్చింది.

మురళీధరన్ కిలోమీటర్లు రాసుకునే చీటీ పట్టుకుని గుమ్మంలోనే ఉన్నాడు. ఆమె అంతా చెప్పింది. ఆయన ఆ చీటీని నాలుగు మడతలు పెట్టినాడు.

"ఇంతవరకూ ఎన్ని కార్లు కొన్నాడు?"

"ఒక్కటీ లేదు సార్."

"కొనడు గూడా."

"కొనడు సార్."

"మంగళవారం ఒక్క ట్రిప్పు. అంతకు మించితే నా ఉద్యోగం పోతాది." రెండడుగులు పోయి వెనక్కి తిరిగినాడు. "ఆయన్ని ముందర కూర్చోమను. వెనక ఇంకొకరు పడతారు."

ఆ తరువాతి మంగళవారం మామని ముందు సీట్లో కూర్చోబెట్టి బెల్టు కలైవాణే పెట్టింది. వెనక ముగ్గురెక్కినారు. ఊరు దాటినాక అడిగింది.

"ముందు సీటు ఎట్లుంది మామా?"

"నేను దాన్ని యాడ చూసినా పాపా?" అన్నాడు ఆయన, బెల్టులోనే మెలి తిరిగి వెనక్కి చూస్తా.